రొమ్ము ఆపరేషన్‌కి పూర్తి మత్తు తప్పనిసరా?

రొమ్ములో గడ్డ తీయాలని డేట్ ఇచ్చాక, కొంతమందికి కత్తి కన్నా మత్తు గురించే ఎక్కువ టెన్షన్. "మళ్లీ లేస్తానా డాక్టర్?" అని అడుగుతారు. అది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదండీ. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్ద వయసు ఆడవాళ్లకి ఇంకో దారి ఉండొచ్చన్న మాట కూడా ఎవరూ చెప్పకపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ దారి పేరు నరాల బ్లాక్. రొమ్ముకి స్పర్శ, నొప్పి తెలిసేది ఎక్కువగా పక్కటెముకల మధ్య నడిచే నరాల వల్ల, సుమారుగా రెండో నరం నుంచి ఆరో నరం దాకా. ఇవి వెన్నుపూస పక్క నుంచి బయటికొస్తాయి. అక్కడే, అల్ట్రాసౌండ్ తెరమీద సూదిని చూసుకుంటూ బుపివకైన్ లేదా రోపివకైన్ అనే మొద్దుబార్చే మందు ఎక్కిస్తే ఆ వైపు ఛాతీ మొద్దుబారుతుంది. దీన్ని పారావెర్టెబ్రల్ బ్లాక్ అంటారు, 1905 నుంచీ ఉన్న పద్ధతే. తర్వాత 2011, 2012లో రాఫెల్ బ్లాంకో అనే మత్తు డాక్టర్ ఛాతీ కండరాల పొరల మధ్య మందు వేసే పెక్స్ బ్లాక్‌లు చెప్పారు. 2016లో వీపు కండరం కింద వేసే ఎరెక్టర్ స్పైనే బ్లాక్ వచ్చింది.

బ్లాక్ అంటే మెలకువగా పడుకుని ఆపరేషన్ చూడటమే అనుకోకండి. ఎక్కువ చోట్ల పూర్తి మత్తుతో పాటే బ్లాక్ ఇస్తారు, లేచాక నొప్పి తగ్గడానికి. పూర్తి మత్తు లేకుండా చేసినా, కాస్త నిద్రమత్తు ఇచ్చి, అవసరమైన చోట సర్జన్ లోకల్ మత్తు సూది కూడా వేస్తారు, ఎందుకంటే రొమ్ము పైభాగానికి మెడ నుంచి, కండరాలకి వేరే వైపు నుంచి నరాలు వస్తాయి, ఒక్క సూదితో అన్నీ దొరకవు. చంకలో గడ్డలు తీయాలంటే ఇంకా కష్టం.

లాభమేంటంటే, మార్ఫిన్ లాంటి మందులు తక్కువ పడతాయి, దాంతో వాంతులూ వికారమూ తగ్గుతాయి. పూర్తి మత్తు లేకపోతే గొంతులో గొట్టం కూడా సాధారణంగా ఉండదు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. "బ్లాక్ తీసుకుంటే క్యాన్సర్ తిరగబెట్టదు" అని చెప్పేవాళ్లున్నారు. 2006లో 129 మంది రికార్డులు చూసిన ఓ చిన్న పరిశీలనతో ఆ ఆశ పుట్టింది. తర్వాత 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన 2,108 మంది ట్రయల్‌లో బ్లాక్ ఇచ్చిన గుంపులోనూ, ఇవ్వని గుంపులోనూ దాదాపు 10 శాతం మందికి క్యాన్సర్ తిరగబెట్టింది. తేడా లేదు. ఆరు నెలలకీ, ఏడాదికీ మిగిలిపోయే నొప్పి విషయంలోనూ అందులో తేడా కనబడలేదు. కాబట్టి బ్లాక్ కావాలనుకుంటే నొప్పికోసం, వాంతులకోసం, మీ గుండె ఊపిరితిత్తులకోసం అనుకోండి, ఆ ఆశతో మాత్రం వద్దు.

రిస్కులూ ఉన్నాయి. సూది ఊపిరితిత్తి పొరకి తగిలి దాని చుట్టూ గాలి చేరొచ్చు, అరుదే. మందు రక్తంలోకి ఎక్కువ చేరితే ఫిట్స్, గుండె లయ దెబ్బతినడం జరగొచ్చు, దానికి విరుగుడుగా లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం) దగ్గర ఉంచుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పేయండి.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చెకప్‌కి పిలుస్తారు కదా, అక్కడ సంతకం పెట్టే ముందు అడగండి: "నా ఆపరేషన్‌కి బ్లాక్ కుదురుతుందా, మీరు ఇది తరచూ చేస్తారా, సగంలో సరిపోకపోతే ఏం చేస్తారు?" మూడో ప్రశ్న మర్చిపోకండి, అప్పుడు పూర్తి మత్తుకి మారాల్సి రావచ్చు, అది ముందే తెలిస్తే బల్ల మీద భయపడరు.