ఊసరవెల్లి గుడ్డుకు ఎందుకంత ఆలస్యం?

[దృశ్యం: అనంతపురం శివారు, రాత్రి. తుమ్మ కొమ్మ చివర టార్చి వెలుగులో పాలిపోయి కనిపించే ఊసరవెల్లి.]

మన చేల గట్లమీద కనిపించే ఈ ఊసరవెల్లిని పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక, ఇది పెంపకం నేర్పే వీడియో కాదు. ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులున్నాయి. వాటిలో సుమారు సగం మడగాస్కర్‌లోనే ఉన్నాయి. అక్కడి అరుదైన జాతులకు పంజరంలో పిల్లలు పుట్టించడం అనుభవజ్ఞులకు సైతం ఎందుకు కష్టమో చూద్దాం.

ఇవి ఒంటరి జీవులు. ఎదుటి పంజరంలో మరొకటి కనబడినా బెదిరి మేత మానేస్తాయి. అయినా జత కట్టించడం చిన్న పనే. అసలు చిక్కు ఆడది నేలకు దిగినప్పుడు మొదలవుతుంది.

[దృశ్యం: మట్టి తవ్వుతున్న ఆడ ఊసరవెల్లి, దగ్గరగా.]

ముందుకాళ్లతో తవ్వుతూ, తోక మాత్రమే బయటికి కనిపించేంత లోతుకు వెళ్లి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి అదిమి వస్తుంది. సొరంగం కూలిపోయే పొడిమట్టి అయితే గుడ్లు కడుపులోనే బిగిసిపోయి తల్లి చనిపోవచ్చు. వేరుశనగ విత్తేముందు మన రైతు పిడికిట మట్టి పట్టి చూసే పదునే ఇక్కడా కావాలి: పిడికిట్లో ఉండ కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి.

గుడ్ల సంగతి ఇంకా కష్టం. మడగాస్కర్‌కు చెందిన పెద్ద జాతి, పార్సన్ ఊసరవెల్లి గుడ్డు పగిలి పిల్ల రావడానికి ఏడాది దాటుతుంది, ఒక్కోసారి రెండేళ్ల దాకా పడుతుంది. పైగా మధ్యలో కొన్ని నెలలు చల్లదనం తగలాలి. మడగాస్కర్‌లోనే ఉండే లబోర్డ్ ఊసరవెల్లి మరీ విచిత్రం: గుడ్డులో 8, 9 నెలలు గడిపి, బయట నాలుగైదు నెలలే బతుకుతుంది. ఏడాదిలో కొంతకాలం ఆ జాతి మొత్తం మట్టిలో గుడ్లుగానే ఉంటుంది కాబట్టి, పెంపకందారు ఒక్క విడత గుడ్లు పాడుచేసుకుంటే మళ్లీ ప్రయత్నించడానికి తల్లిదండ్రులే మిగలవు.

పిల్లలు పుట్టాక అతినీలలోహిత కాంతి, కాల్షియం అద్దిన చిన్న పురుగులు, ఆకులపై నీటి చుక్కలు అమర్చాలి. గిన్నెలో నిలిచిన నీటిని ఇవి సాధారణంగా తాగవు. చల్లని రాత్రులకు అలవాటుపడిన కొండజాతులకు మన మే నెల గది ఏసీ లేకుండా పనికిరాదు.

ఇంకొక చిక్కు, కొత్త రక్తం. 1995 నుంచి చాలా ఏళ్లపాటు మడగాస్కర్ ఊసరవెల్లుల్లో నాలుగు జాతులు తప్ప మిగతావాటి వ్యాపారం నిలిచిపోయింది. దానితో పంజరాల్లో దగ్గరి బంధువుల మధ్యే జతలు కట్టించే పరిస్థితి వచ్చింది. అడవిలో పట్టినదాన్ని పంజరంలో పుట్టిందని చెప్పి అమ్మే మోసానికీ అవకాశం పెరిగింది. కాబట్టి పార్సన్ పిల్ల తమ దగ్గరే పుట్టిందని ఎవరైనా అంటే, తల్లి ఏ తేదీన గుడ్లు పెట్టిందో, వాటిని ఏ నెలలో చల్లబరిచారో అడగండి. నిజంగా పొదిగించినవారి దగ్గర ఆ లెక్కలు రాసిన నోటుపుస్తకం ఉంటుంది.