అడవి ఎదుగుదలకు లెక్క కట్టడం

సభకు నమస్కారం.

టేకు తోట వేసిన ఇరవై ఏళ్లకు ఎంత కలప వస్తుందని అడిగితే, అటవీ అధికారులు తరతరాలుగా దిగుబడి పట్టిక తెరిచి జవాబు చెప్పేవారు. తోట వయసు, నేల సత్తువ తెలిస్తే ఆ పట్టికకు చాలు. అయితే అది ఎప్పుడో పెరిగిన చెట్లను కొలిచి రాసినది కనుక, నిన్నటి వానలూ ఎండలూ రేపు కూడా అలాగే ఉంటాయన్న నమ్మకం మీదే నిలబడి ఉంది. 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలైనప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఆ నమ్మకానికి కాలం చెల్లింది.

1997లో లాండ్స్‌బర్గ్, వేరింగ్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన 3-పీజీ అనే అడవి ఎదుగుదల మోడల్ ఈ లెక్కను మరో చివర నుంచి మొదలుపెట్టింది. ఆకులు ఆ నెలలో ఎంత వెలుతురు పట్టాయో చూసి, వేడి, నేల సారం, తేమ కారణంగా పడే కోతలు వేసి, చెట్టు సంపాదించిన కర్బనంలో దాదాపు సగం శ్వాసక్రియకే పోతుందని తీసేసి, మిగిలినదాన్ని వేరుకూ కాండానికీ ఆకుకూ పంచుతుంది.

ఈ కోతల్లో ఒకదాని దగ్గర కాసేపు ఆగుతాను. గాలి పొడిబారినకొద్దీ ఆకు తన పత్రరంధ్రాలను బిగించుకుంటుంది. 25 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున గాలి ఇంకా 6 మిల్లీబార్ల ఆవిరిని పట్టుకోగలదు. 40 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్నప్పుడు ఆ దాహం 50 మిల్లీబార్లు దాటుతుంది. మోడల్‌లో సాధారణంగా వాడే గుణకం ప్రకారం మొదటి సందర్భంలో కోత నాలుగో వంతు, రెండోదానిలో తొంభై శాతం పైనే. నేలలో తడి లేకపోవడం, గాలి పొడిబారడం అనే రెండింటిలో ఏది ఎక్కువ అడ్డుపడితే దాన్నే మోడల్ లెక్కిస్తుంది కనుక, చెరువు పక్కనున్న చెట్టుకు కూడా వడగాలి నుంచి మినహాయింపు లేదు.

కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్లకు పండగే కదా అని చాలామంది అడుగుతారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో స్వీట్‌గమ్ చెట్లకు ఆ వాయువును అదనంగా అందించినప్పుడు తొలి ఏళ్లలో 24 శాతం వరకు పెరిగిన ఉత్పాదకత, నత్రజని చాలక, 2008 నాటికి 9 శాతానికి పడిపోయింది. సిడ్నీ సమీపంలో భాస్వరం తక్కువున్న నేలలోని ముదురు యూకలిప్టస్ అడవి అదనంగా 12 శాతం కర్బనం తీసుకున్నా, కలప మాత్రం పెరగలేదు. అదనంగా తీసుకున్నదానిలో ఎక్కువ భాగం చెట్ల, నేల శ్వాస రూపంలో తిరిగి గాలిలో కలిసిపోయింది. పోషకాల కోత సరిగా వేయని మోడల్ ఇచ్చే ఆశావహమైన అంకెలను నేను నమ్మను.

మన నల్లమలకు వద్దాం. 3-పీజీని మొదట ఏడాది పొడవునా ఆకులుండే, ఒకే జాతి తోటల కోసం రూపొందించారు. మన టేకు, నల్లమద్ది, చిరుమాను మండువేసవిలో మోడుగా నిలబడతాయి. ఆకే లేనప్పుడు తొంభై శాతం కోత పడినా పోయేదేమీ లేదు. ఇక్కడ అసలు లెక్కంతా ఆకు ఏ వారంలో చిగురించింది, ఏ వారంలో రాలింది అన్నదాని మీదే నడుస్తుంది. ఆ తేదీలు రాసిపెట్టే అలవాటు మనకు తక్కువ.

కొలతలోనూ ఒక మెలిక ఉంది. ఎండాకాలంలో కాండంలోని నీరు తగ్గి చుట్టుకొలత కాస్త కుంచించుకుపోతుంది. నిరుడు అక్టోబరులో టేపు చుట్టి, ఈసారి మార్చిలో చుట్టితే చెట్టు తరిగిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి 1.37 మీటర్ల ఎత్తున వేసిన రంగు గీత మీదే, ఏటా అదే నెలలో టేపు పడాలి.