తిరుపతి ఇంట్లో వేడివేడి చీనీపండు: ఓటీజీలో తేలికైన పొద్దుటి పలారం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈసారి డాలస్ నుంచి కాదు, తిరుపతిలో మా అమ్మావాళ్ల వంటింట్లోంచి మాట్లాడుతున్నాను. డిసెంబరు సెలవులకని పిల్లల్ని తీసుకుని వచ్చాం. పొద్దున్నే లేచి మేడమీదికి పోతే శేషాచలం కొండలు సగం మంచులోనే ఉంటున్నాయి, కింద వీధిలో అప్పుడే ఇడ్లీ బండి దగ్గర జనం. ఈరోజు చేసేది చాలా చిన్న పని. చీనీపండును, అదేనండీ బత్తాయిని, అడ్డంగా రెండు చెక్కలుగా కోసి, పైన కాస్త చిత్తూరు బెల్లం చల్లి, ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, పెట్టి కాల్చి, వేడిగా ఉన్నప్పుడే చెంచాతో తినడం. ఇంత చిన్నదానికి వీడియో ఎందుకంటే, దీనివల్ల మా ఇంట్లో చక్కెర వేసిన జ్యూస్ గ్లాసు పోయి పండు పళ్లెంలోకి వచ్చింది. మీ ఇంట్లో కూడా రావాలని నా కోరిక.

ఇది నేను నేర్చుకున్నది టెక్సస్‌లో. అక్కడ చలికాలం వచ్చిందంటే గ్రేప్‌ఫ్రూట్ అనే పెద్ద నారింజజాతి పండు సీజన్. మెక్సికో సరిహద్దు పక్కన రియో గ్రాండే లోయ అని ఉంది, ఆ తోటల్లోంచి ఎర్ర గుజ్జు పండ్లు కొట్లకు వచ్చి పడుతుంటాయి. 1929లో అక్కడే మెక్ఆలెన్ ఊరి దగ్గర గులాబీరంగు పండ్ల చెట్టుకు ఎర్ర పండ్లు కాయడం చూసి, దాన్నుంచే రూబీ రెడ్ అనే రకాన్ని తీశారు. 1993లో ఎర్ర గ్రేప్‌ఫ్రూట్‌ను ఏకంగా టెక్సస్ రాష్ట్ర పండు చేశారు, అంత అభిమానం వాళ్లకి. అసలు ఈ పండు పుట్టింది బార్బడోస్ దీవిలో, 18వ శతాబ్దంలో, మన ఆసియా నుంచి పోయిన పంపర పనసా నారింజా కలిసి. రుచికి పులుపు, తీపి, వెనకాల గట్టి చేదు. ఆ చేదు తగ్గించడానికని అమెరికాలో పెద్దవాళ్లు సగం పండు మీద గోధుమరంగు చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి, ఓవెన్‌లో పైనుంచి మంట తగిలేలా పెట్టి, పైన పొంగి రంగు తిరగగానే తీసి పొద్దున కాఫీతో తింటారు. మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ నాకిది చేసి పెట్టింది. దానికోసం రంపపు పళ్లున్న చెంచాలు కూడా ఉన్నాయండీ వాళ్లింట్లో, తొనలు ఊడదీయడానికి వీలుగా.

సరే, ఇక్కడికి రాగానే చూస్తే ఇంట్లో రోజూ చీనీ జ్యూసే. మన తిరుపతిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు చేతిలోకి వచ్చేది ఈ పండే కదా, రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో చూడ్డానికి పోయేవాళ్లు సంచీలో పట్టుకుపోయేదీ ఇదే. మా నాయనకు షుగర్ ఉంది, బీపీ ఉంది, కొలెస్ట్రాల్ టాబ్లెట్ కూడా వేసుకుంటున్నాడు. అయినా పొద్దున్నే మూడు పండ్లు పిండి, వడగట్టి, రెండు చెంచాల చక్కెర వేసి ఇస్తే అదేదో మందు అన్నట్టు తాగేస్తున్నాడు. అమ్మ ప్రేమతోనే ఇస్తోంది, అందులో అనుమానం లేదు. కానీ లెక్క చూడండి. ఒక మామూలు నారింజ పండులో తినే భాగం 130 గ్రాములు ఉంటే అందులో దాదాపు 12 గ్రాముల చక్కెర, 3 గ్రాముల పీచు ఉంటాయి. మూడు పండ్లు పిండి వడగడితే ఆ చక్కెరంతా గ్లాసులోకి దిగుతుంది, పీచు మాత్రం పిప్పితో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. పైగా రెండు చెంచాలు మనం వేసేది వేరే. అదే సగం పండు నమిలి తింటే చక్కెర తక్కువ, పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఉంటుంది.

మరి ఊరికే ఒలుచుకుని తినొచ్చు కదా, కాల్చడం దేనికి అని మీరు అడుగుతారు. మా అమ్మ కూడా అదే అడిగింది. అసలు ఆమె మాట ఆమె మాటల్లోనే చెప్తాను: "ఏమే, చలవ చేసే పండును పొయ్యిమీద పెడతారా ఎవురన్నా?" అని. కానీ చూడండి, ఈ చలికి పొద్దున్నే చల్లటి పండు నోట్లో పెట్టుకోమంటే మన పెద్దవాళ్లు పెట్టుకోరు. జలుబు చేస్తుంది, గొంతు పడుతుంది అంటారు. మా నాయనకైతే పళ్లు కూడా జివ్వుమంటాయట. వేడిచేసి ఇస్తే ఆ గొడవే లేదు, పండు మెత్తబడుతుంది, వాసన ఇల్లంతా నిండుతుంది. జ్యూస్ మానేయమని ఎంత చెప్పినా వినని మనిషి ఆ వాసనకు తనంతట తానే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వినండి, ముఖ్యంగా అమెరికా నుంచో, పెద్ద సూపర్‌మార్కెట్ల నుంచో గ్రేప్‌ఫ్రూట్ కొని అమ్మానాన్నలకు పెడదాం అనుకునేవాళ్లు. ఆ పండు కొన్ని మందులతో అస్సలు పొసగదు. అందులో ఫ్యురానోకౌమరిన్లు అనే పదార్థాలున్నాయి. మన పేగుల్లో మందును విరగ్గొట్టే ఒక ఎంజైమ్ ఉంటుంది, ఇవి దాన్ని పనిచేయకుండా ఆపేస్తాయి. దాంతో డాక్టర్ రాసిన మోతాదు కన్నా ఎక్కువ మందు రక్తంలోకి పోతుంది. కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త బృందం ఇంకేదో పరీక్ష చేస్తూ, ఆ పరీక్షలో ఇచ్చే ఆల్కహాల్ రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపితే అనుకోకుండా ఈ సంగతి బయటపడింది, 1991లో ప్రచురించారు కూడా. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, బీపీకి వాడే నిఫెడిపిన్, ఫెలోడిపిన్ లాంటివి ఈ జాబితాలో ఉన్నాయి. పొద్దున పండు తిని రాత్రి టాబ్లెట్ వేసుకుంటే చాల్లే అనుకోకండి, దాని ప్రభావం ఒక రోజు దాటి కూడా ఉంటుంది. కాల్చితే పోతుందనీ నమ్మొద్దు. మన పంపర పనసలో కూడా ఇవే పదార్థాలు ఉంటాయి, కాబట్టి పెరట్లో చెట్టుందని ధీమాగా పెట్టేయకండి, ఏ టాబ్లెట్ వాడుతున్నారో డాక్టర్‌కు చూపించి అడగండి. చీనీలతో, కమలాలతో మాత్రం ఈ చిక్కు లేదు. అందుకే నేను సూట్‌కేసులో గ్రేప్‌ఫ్రూట్లు తేలేదు, ఇక్కడి పండే తీసుకున్నాను. షుగర్ ఉన్నవాళ్లకు ఎంత తినాలనేది కూడా వాళ్ల డాక్టర్ చెప్పినట్టే.

నిన్న సాయంత్రం పండ్లు కొనడానికి అమ్మా నేనూ బజారుకు పోయాం. బండి దగ్గర పసుపు రంగువి ఒకపక్క, ఆకుపచ్చవి ఒకపక్క. మా పిల్లలు పచ్చగా ఉన్నవి పండలేదు అనుకున్నారు. కాదండీ, మన వాతావరణంలో చీనీ పండినా తోలు పచ్చగానే ఉండొచ్చు. రాత్రిళ్లు బాగా చలి పడితేనే ఆ పచ్చదనం విరిగి పసుపో నారింజరంగో తేలుతుంది, అందుకే చల్లటి దేశాల పండ్లు అంత రంగు. మీరు చూడాల్సింది బరువు. రెండు చేతుల్లో రెండు పట్టుకుని, సైజు ఒకటే ఉండి ఏది బరువుగా ఉంటే అది తీసుకోండి, రసం దాంట్లో ఉంటుంది. తోలు నున్నగా, పల్చగా ఉండాలి. పైన మచ్చలుంటే పట్టించుకోకండి. మా బండి ఆయన "ఇవి అనంతపురం కాయలమ్మా, చూడు ఎట్లుండాయో" అని ఒకటి కోసి చేతిలో పెట్టాడు. అనంతపురం, పులివెందుల వైపు చీనీ తోటలు చూసినవాళ్లకు తెలుసు, బోర్లు ఎండిపోయే నేలమీద ఆ చెట్లను బతికించడానికి రైతు ఎంత తన్నుకుంటాడో. మన తిరుపతిలోనే నిమ్మజాతి పండ్ల పరిశోధన స్థానం ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం కింద. బాలాజీ అనే నిమ్మ రకం వాళ్లు ఇచ్చిందే. మన చుట్టూ ఇంత పంట ఉంటే దాన్ని జ్యూస్‌కి, ఊరగాయకి మాత్రమే వాడుతున్నాం అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు చేద్దాం రండి. ఓటీజీని ముందే 220 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడెక్కనివ్వండి. పండును బాగా కడిగి తుడిచి, తొడిమ పైకి ఉండేలా పట్టుకుని అడ్డంగా కోయండి, నిలువుగా కాదు. అడ్డంగా కోస్తేనే తొనలన్నీ చక్రంలా విచ్చుకుని కనపడతాయి, చెంచాకు సులువుగా వస్తాయి. కింద తోలు కొద్దిగా చెక్కితే పండు చెక్క దొర్లకుండా పళ్లెంలో కూర్చుంటుంది, మరీ లోతుగా చెక్కితే రసం కారిపోతుంది చూసుకోండి. గింజలన్నీ తీసేయండి, ఇది మాత్రం బద్ధకించొద్దు, చేదంతా అక్కడుంది. చీనీ రసం పిండి కాసేపు పెడితే చేదెక్కడం మీరు చూసే ఉంటారు. పండులోని ఒక పదార్థం ఆ పులుపు తగిలి లిమోనిన్‌గా మారుతుంది, అదే ఆ చేదు. వేడి తగిలితే ఈ మార్పు ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకే దీన్ని సన్నటి వేడి మీద అరగంట ఉడికించకూడదు, ఎక్కువ వేడిమీద కొద్దిసేపు, అంతే. విటమిన్ సి కూడా వేడికి కొంత పోతుంది, కానీ తక్కువసేపు పెడితే నష్టం తక్కువే.

చిన్న కత్తి మొనతో తొనల చుట్టూ ఒకసారి తిప్పి వదులు చేయండి. పైన రసం ఊరుతుంటుంది, దాన్ని టిష్యూతో అద్దేయండి, లేకపోతే బెల్లం పాకంలా జారి పళ్లెంలోకి పోతుంది. ఇప్పుడు రెండే రెండు వేళ్ల మధ్య పట్టినంత ఉప్పు. ఉప్పు ఎందుకు అంటే అది నాలుక మీద చేదును తొక్కేస్తుంది, జామకాయకు అద్దుకుంటాం కదా. తర్వాత చెక్కకు ఒక చిన్న చెంచా బెల్లం తురుము, చిటికెడు దాల్చినచెక్క పొడి. బెల్లం చిత్తూరుదే వాడుతున్నాను, మా చిన్నాయన కాణిపాకం పోయినప్పుడు తెచ్చి పెట్టింది, చెరుకు వాసన ఇంకా అట్లే ఉంది. నాయన చెక్కకు బెల్లం లేదు, ఉప్పు, దాల్చినచెక్క మాత్రమే. తేనె వేయాలనుకునేవాళ్లు బయటికి తీశాక వేసుకోండి, తేనెలోని చక్కెర బెల్లం కన్నా ముందే మాడుతుంది.

పై రాడ్ ఒక్కటే ఆన్ చేసి, ట్రేను పైమెట్టులో పెట్టండి. ఎనిమిది నుంచి పది నిమిషాలు. చివరి రెండు నిమిషాలు అద్దంలోంచి చూస్తూ ఉండండి, బెల్లం ముందు కరుగుతుంది, తర్వాత బుడగలొస్తాయి, అంచులు ముదురు రంగుకు తిరుగుతాయి, అప్పుడు తీసేయాలి. ఇదిగో, వాసన వస్తోందా మీకు, వీడియోలో రాదు కానీ నిజంగా చెప్తున్నా, తోలులోని నూనె వేడికి బయటికొచ్చి ఈ వంటిల్లు మొత్తం పండగలా ఉంది. తీసిన వెంటనే నోట్లో పెట్టుకోకండి, కరిగిన బెల్లం నాలుక కాలుస్తుంది, మూడు నాలుగు నిమిషాలు ఆగండి.

ఓవెన్ లేనివాళ్లు బాధపడొద్దు. దోసె పెనం బాగా కాలాక అర చెంచా నెయ్యి రాసి, కోసిన వైపు కిందికి బోర్లించి రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచండి, తర్వాత తిప్పి పైన బెల్లం వేసి మూత పెట్టండి. నిజానికి పెనం మీద కాలిన మచ్చలు ఇంకా బాగా పడతాయి, నాకు అదే రుచి నచ్చింది. ఎయిర్ ఫ్రయర్ ఉంటే 200 డిగ్రీల్లో ఆరేడు నిమిషాలు చాలు.

పలారంగా అయితే ఒక్క పండుతో సరిపోదు, దానికి కాస్త ప్రొటీన్ తోడు కావాలి. నేను గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగు రెండు చెంచాలు పక్కన పెట్టి, మీద వేయించి నలగ్గొట్టిన శెనక్కాయలు చల్లాను. ఓట్స్, గ్రానోలా కొనాల్సిన పనే లేదండీ, ఈ సీమలో ఉండే మనకు శెనక్కాయల కన్నా మంచివి ఎక్కడ దొరుకుతాయి? నాయన మొదటి చెంచా తిని ఏమీ మాట్లాడలేదు, రెండో చెక్క వైపు చూశాడు. "రేపు కూడా ఇదే చేయి, కాకుంటే ఉప్పు ఇంకొంచెం" అన్నాడు. అమ్మ మాత్రం పెరుగు పక్కకు తోసి ఉత్త పండు తినింది, తిని, "జ్యూస్ పిండే గిన్నె కడిగే పని తప్పింది" అనింది. ఆ మాట నాకు పెద్ద బహుమానం.

సాయంత్రం పిల్లలకు ఇదే పండును తీపి వంటకంగా చేశాను. దాల్చినచెక్క బదులు యాలకుల పొడి, పక్కన ఒక ముద్ద వెనీలా ఐస్‌క్రీమ్. ఐస్‌క్రీమ్ కరిగి ఆ వేడి రసంలో కలుస్తుంటే మా తమ్ముడి కూతురు "అత్తా, నాకింకొకటి, తొక్క కూడా తినొచ్చా?" అని అడుగుతోంది. తొక్క తినొద్దులే తల్లీ, చేదు. కమలాపండుతో చేసేవాళ్లు మాత్రం సమయం తగ్గించుకోండి, దాని తోలు వదులుగా ఉంటుంది, తొనలు మెత్తన, ఐదారు నిమిషాలకే అయిపోతుంది. చేసినవి చేసినట్టు తినేయండి, మిగిల్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి చేదు తేలుతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చెక్కలే కోయండి.