అన్నం వేళ మారితే కాలం మారినట్టు

శ్రోతలకు నమస్కారం.

మా నాయనమ్మ క్యాలెండర్ చూసేది కాదు. విభూది బుధవారం వచ్చిందంటే ఈస్టర్ దాకా ఇంట్లో నీచు వండేది కాదు, అంతే. కూర వాసన మారిందంటే తపస్సు కాలం వచ్చిందని పిల్లలందరికీ తెలిసిపోయేది. పక్కింట్లో కార్తీకం వస్తే ఉల్లిపాయ మానేసేవాళ్లు. వీధి చివర సాయిబు గారింట్లో రంజాన్ నెలలో తెల్లవారుజామునే పొయ్యి వెలిగేది. మా వీధిలో ఏ పండుగ వచ్చినా ముందు వంటింటికి తెలిసేది, ఆ తర్వాతే గోడ మీది క్యాలెండర్‌కు.

ఇవాళ నేను మాట్లాడబోయేది బెనెడిక్టైన్ మఠాల గురించి. కతోలిక సభలో ఏడాది పొడవునా ఒకదాని వెంట ఒకటి వచ్చే కాలాలను, అంటే ఆగమన కాలం, క్రిస్మస్, తపస్సు కాలం, ఈస్టర్, వీటిని ఆ సన్యాసులు ఎలా గడుపుతారన్న సంగతి. గుడి అలంకరణ, పాటలు, పూజ వస్త్రాల రంగులు అన్నీ ఉంటాయి. తపస్సుకు ఊదా, ఈస్టర్‌కు తెలుపు, మామూలు రోజుల్లో ఆకుపచ్చ. అవి ఏ ఊరి కతోలిక గుడిలోనైనా కనిపించేవే. మఠంలో ఉన్న తేడా కంటికి అంత తొందరగా కనిపించదు. కడుపుకు తెలుస్తుంది.

బెనెడిక్ట్ సుమారు 480లో ఇటలీలోని నూర్సియాలో పుట్టాడు. చదువుకోవడానికి రోమ్ వెళ్లి, అక్కడి తీరు నచ్చక, సుబియాకో కొండల్లో ఒక గుహలో ఒంటరిగా ఉన్నాడు. తర్వాత సుమారు 529లో మోంటె కస్సీనో కొండ మీద మఠం కట్టాడు. తన దగ్గరికి చేరిన సన్యాసుల కోసం 73 అధ్యాయాల చిన్న నియమావళి రాశాడు. ఈ నాటికీ బెనెడిక్టైన్ మఠాలు నడిచేది దాని మీదే.

ఆ నియమావళి మొదటిసారి చదివినప్పుడు నేను క్రిస్మస్ అధ్యాయం కోసం వెతికాను. ఏం అలంకరించాలి, ఎలా జరుపుకోవాలి అని ఎక్కడో రాసి ఉంటుంది కదా అనుకున్నాను. అలాంటి అధ్యాయమే లేదు. దొరికింది 41వ అధ్యాయం. దాని పేరు వింటే హాస్టల్ మెస్‌లో నోటీసు బోర్డు గుర్తొస్తుంది: సోదరులు ఏ వేళల్లో భోజనం చేయాలి?

ఈస్టర్ నుంచి యాభయ్యో రోజున వచ్చే పెంతెకోస్తు పండుగ దాకా మధ్యాహ్నం భోజనం, మళ్లీ సాయంత్రం భోజనం. పెంతెకోస్తు తర్వాత వేసవి అంతా బుధ, శుక్రవారాల్లో మాత్రం దాదాపు మూడు గంటల దాకా ఉపవాసం. అయితే పొలం పని ఉన్నా, ఎండ మరీ మండిపోతున్నా ఆ ఉపవాసం అక్కర్లేదు, మధ్యాహ్నమే తినొచ్చు. సెప్టెంబరు 13 నుంచి తపస్సు కాలం మొదలయ్యే దాకా రోజూ ఒకటే భోజనం, అదీ మూడింటికి. ఇక తపస్సు కాలంలో సాయంత్రం దాకా ఏమీ లేదు.

కాని చివర్లో ఒక మాట అన్నాడు, నాకు చాలా ఇష్టమైన మాట. భోజనం సాయంత్రమైనా సరే, తినేటప్పుడు దీపం అవసరం పడకూడదు, అంతా పగటి వెలుతురులోనే అయిపోవాలి అన్నాడు. ఆకలితో ఉండమన్నాడు కాని చీకట్లో తడుముకుంటూ తినమనలేదు.

నిద్ర సంగతీ అంతే. ఆ రోజుల్లో పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా పన్నెండు భాగాలు చేసి గంటలు లెక్కపెట్టేవారు. చలికాలంలో, అంటే నవంబరు 1 నుంచి ఈస్టర్ దాకా, రాత్రి ఎనిమిదో గంటకు లేవమన్నాడు. అర్ధరాత్రి దాటి ఇంకాసేపు పడుకుంటే తిన్నది అరుగుతుందట! పరలోకం గురించి రాస్తున్న మనిషి అజీర్ణం సంగతి మరిచిపోలేదు. ఆ వేకువ ప్రార్థన మొదట్లో వచ్చే ఒక కీర్తనను, లాటిన్ లెక్కలో 94వది, సాగదీసి పాడమన్నాడు. ఎందుకంటే నిద్ర ముంచుకొచ్చి వెనకబడ్డవాళ్లు అది అయ్యేలోపు లోపలికి వచ్చేయొచ్చు. పొద్దున అసెంబ్లీకి ఆలస్యమైన పిల్లవాడి కోసం ప్రార్థన గీతం మెల్లగా పాడించే హెడ్మాస్టరు ఎవరైనా ఉంటారా?

తపస్సు కాలం మీద మాత్రం ఆయన విడిగా ఒక అధ్యాయమే రాశాడు, 49వది. సన్యాసి బతుకంతా తపస్సు కాలంలాగే ఉండాలి, కాని అంత ఓపిక కొద్దిమందికే ఉంటుంది, కాబట్టి కనీసం ఈ నలభై రోజులైనా శ్రద్ధగా ఉండండి అంటాడు. తిండిలో, తాగేదాంట్లో, నిద్రలో, కబుర్లలో, వేళాకోళంలో ఎవరికి వారు కొంత తగ్గించుకోవాలి. అయితే తాను ఏం మానుకుంటున్నాడో ప్రతి సన్యాసీ ముందుగా మఠాధిపతికి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. చెప్పకుండా చేస్తే అది గొప్పల కిందే లెక్క, దానికి ఫలం లేదు. ఇప్పటికీ చాలా మఠాల్లో తపస్సు మొదట్లో ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద రాసి మఠాధిపతి చేతికిస్తారు. ఆయన చదివి సరేనంటాడు, లేదా తగ్గించుకోమంటాడు. నేను విన్నంతలో ఎక్కువగా జరిగేది తగ్గించుకోమనడమే. మొదటి వారంలో ఉండే ఉత్సాహం ఎంతకాలం నిలుస్తుందో పెద్దవాళ్లకు తెలుసు కదా.

ఇంకొకటి, పుస్తకం. తపస్సు మొదలవగానే గ్రంథాలయం నుంచి ప్రతి ఒక్కరికీ ఒక్కో పుస్తకం ఇస్తారు. మొదటి పుట నుంచి చివరి పుట దాకా వరసగా, పూర్తిగా చదవాలి. మధ్యలో దాటవేయడం కుదరదు. చదివే వేళల్లో ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరిగి చూస్తారు, పుస్తకం పక్కన పెట్టి కబుర్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. మా ఇంట్లో సగం చదివి పక్కన పెట్టిన పుస్తకాలు ఎన్నున్నాయో ఈ రేడియోలో చెప్పను.

ఇక అన్నిటికంటే విచిత్రమైన ఉపవాసం ఒక మాటకు సంబంధించింది. అల్లెలూయ. దేవుణ్ణి స్తుతించండి అని అర్థం. తపస్సు కాలమంతా ఆ మాట గుడిలో వినపడదు. ఏడాది పొడవునా రోజూ నోట్లో నానే మాట, ఒక్కసారిగా ఆగిపోతుంది. నియమావళి 15వ అధ్యాయం మొత్తం దీని గురించే: అల్లెలూయ ఎప్పుడు పాడాలి, ఎప్పుడు మానాలి. వారానికి 150 కీర్తనలూ పాడే మనుషులకు ఒక్క మాట లేకపోవడం ఎలా ఉంటుందో నాకు ఒకసారి కొంచెం తెలిసింది.

కొన్నేళ్ల కిందట దక్షిణాదిలో ఒక బెనెడిక్టైన్ మఠంలో పవిత్ర గురువారం నుంచి ఈస్టర్ దాకా అతిథిగా ఉన్నాను. అతిథి ఎవరొచ్చినా క్రీస్తే వచ్చినట్టు చూసుకోవాలని నియమావళిలో ఉంది. వాళ్లు అలాగే చూశారు. నాకే అక్కడ ఎలా మెలగాలో తెలియక టెన్షన్. గురువారం సాయంత్రం మఠాధిపతి మోకాళ్ల మీద కూర్చుని కాళ్లు కడిగాడు. బెనెడిక్ట్ కాలంలో ఇది ఏడాదికొక్కసారి జరిగే పని కాదు. వారం వంతు ముగించి వంటింట్లోంచి దిగేవాళ్లు, కొత్తగా వంతు ఎక్కేవాళ్లు కలిసి శనివారం అందరి కాళ్లూ కడగాలి. ఆ గురువారం పూజలో మహిమ గీతం దగ్గర మోగిన గంటలు మళ్లీ మోగలేదు. ప్రార్థనకు పిలవడానికి ఒక యువ సన్యాసి చెక్క గిలక ఊపుకుంటూ వరండా అంతా తిరిగేవాడు. టకటకా ఎండిన చప్పుడు. రెండు రోజుల్లో ఆ చప్పుడు వింటేనే దిగులు పుట్టేది.

శనివారం మధ్యాహ్నం అన్నం, చారు. భోజనశాలలో ఎవరూ మాట్లాడరు, ఒకరు పీఠం దగ్గర నిలబడి చదువుతుంటారు, మిగతావాళ్లు వింటూ తింటారు. చారులో ఉప్పు తక్కువైంది. అడగాలా వద్దా, అడిగితే ఎలా అడగాలి అని నేను ఆలోచిస్తుండగానే పక్కనున్న ముసలి సన్యాసి తల ఎత్తకుండా ఉప్పు గిన్నె నా వైపు జరిపాడు. ఎవరూ ఏదీ అడగాల్సిన అవసరం రాకుండా ఒకరికొకరు అందించుకోవాలని 38వ అధ్యాయంలో ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయన నా ముఖం చూడలేదు, నా ముద్ద చూశాడు.

ఆ రాత్రి పాస్కా జాగరణ, అంటే ఈస్టర్ ముందు రాత్రి చేసే ప్రార్థన. గుడి బయట నిప్పు రాజేశారు. దానితో పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగించి చీకటి గుడిలోకి తెచ్చారు. అప్పుడు పాడే పాస్కా ప్రకటన చాలా పాతది, అందులో ఆ మైనాన్ని తయారుచేసిన తేనెటీగల్ని కూడా పొగుడుతారు. ఇంత పెద్ద పండుగ రాత్రి ఈగల పనికి కూడా ఒక మాట కేటాయించిన మతం మీద నాకు ఆ క్షణంలో ఎక్కడలేని గౌరవం కలిగింది. బైబిలు పఠనాలు సాగాయి. మహిమ గీతం ఎత్తుకోగానే మూగబోయిన గంటలన్నీ ఒక్కసారి మోగాయి. ఆ తర్వాత గురువు అల్లెలూయ అందుకున్నాడు. మూడుసార్లు పాడాలి, ప్రతిసారీ కిందటిసారి కంటే పై శ్రుతిలో. మూడోసారి ఆయన గొంతు జీరబోయింది. నాకు ఉప్పు అందించిన ముసలాయన మాత్రం నలభై రోజులు దాచిపెట్టుకున్న గొంతంతా బయటికి తీశాడు.

మర్నాడు భోజనంలో పఠనం లేదు, మాట్లాడుకోండి అన్నారు. కోడికూర వడ్డించారు. నాలుగు కాళ్ల జంతువుల మాంసం బాగా నీరసపడ్డ రోగులకు తప్ప ఎవరికీ పెట్టవద్దని బెనెడిక్ట్ రాశాడు. రెండు కాళ్ల కోడి గురించి ఆ వాక్యంలో ఏమీ అనలేదు. దీని మీద సన్యాసులు తరతరాలుగా వాదించుకున్నారు. ఆ పూట నా పక్కన కూర్చున్నవాళ్లెవరూ వాదించలేదు.

ఒక సంగతి అప్పుడే తట్టింది. ఈ వేళలన్నీ ఇటలీ ఎండకు, ఇటలీ చలికి వేసిన లెక్కలు. అక్కడ ఈస్టర్ అంటే వసంతం. మనకు ఏప్రిల్, మే అంటే రోళ్లు పగిలే ఎండ. అయినా చూడండి, నియమావళి ప్రకారం ఉపవాసమే లేని యాభై రోజులూ సరిగ్గా మన వడగాడ్పుల మీద పడ్డాయి. బెనెడిక్ట్‌కు మన రోహిణి కార్తె గురించి తెలిసే వీల్లేదు. కలిసొచ్చింది, అంతే.

కలిసిరాని తేదీ కూడా ఒకటుంది. బెనెడిక్ట్ చనిపోయిన రోజుగా బెనెడిక్టైన్లు మార్చి 21ని జరుపుకుంటారు. అది దాదాపు ఎప్పుడూ తపస్సు కాలంలోనే పడుతుంది. అంటే మఠం స్థాపకుడి పండుగకు అల్లెలూయ ఉండదు! 2008లో అయితే మార్చి 21 సరిగ్గా పవిత్ర శుక్రవారం అయింది. ఆ రోజు క్రీస్తు మరణం తప్ప ఇంకెవరి స్మరణా ఉండదు, అది మఠ స్థాపకుడైనా సరే. సార్వత్రిక సభ క్యాలెండర్‌లో మాత్రం 1969 సవరణతో ఆయన పండుగ జూలై 11కి మారింది.

పెంతెకోస్తు తర్వాత సామాన్య కాలం. పొడవాటి కాలం, ఆకుపచ్చ వస్త్రాలు, చెప్పుకోదగ్గ సందడి ఉండదు. ఫ్రాన్స్‌లో విప్లవ కాలంలో మఠాలన్నీ మూతబడ్డాక, 1833 జూలై 11న సొలేమ్ మఠాన్ని మళ్లీ తెరిచిన ప్రోస్పెర్ గెరాంజే, ఈ అర్చన సంవత్సరాన్ని మామూలు జనానికి వివరిస్తూ 1841 నుంచి సంపుటాల మీద సంపుటాలు రాశాడు. ఆ అర్చన సంవత్సరం వివరణ పూర్తి కాకుండానే 1875లో కన్నుమూశాడు. మిగతాది ఆయన మఠంలోని ఒక సన్యాసి పూర్తి చేయాల్సి వచ్చింది.

నవంబరు 2 మాత్రం మన ఊళ్లలో అందరికీ తెలిసిన రోజే. సమాధుల పండుగ. ఆ రోజు సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ తేదీని ఎంచింది క్లూనీ అనే బెనెడిక్టైన్ మఠానికి అధిపతి అయిన ఒదిలో. సుమారు వెయ్యేళ్ల కిందట, చనిపోయిన వాళ్లందరి కోసం నవంబరు 2న ప్రార్థించాలని తన మఠాలన్నిటికీ ఆదేశమిచ్చాడు. ఆ అలవాటు మఠం గోడలు దాటి లోకమంతా పాకింది. మా నాయనమ్మ సమాధి మీద మేం పెట్టే కొవ్వొత్తికి మూలం అక్కడుంది.

ఆ వెంటనే ఆగమన కాలం, క్రిస్మస్ కోసం ఎదురుచూపు. డిసెంబరు 17 నుంచి 23 దాకా ఏడు సాయంత్రాలు, మరియమాత గీతానికి ముందు ఒక్కో పల్లవి పాడతారు. ఏడూ ‘ఓ’ అనే పిలుపుతోనే మొదలవుతాయి. ఓ జ్ఞానమా, ఓ ప్రభువా, ఓ యెష్షయి వేరా, ఓ దావీదు తాళంచెవీ, ఓ ఉదయ తేజమా, ఓ జనుల రాజా, ఓ ఇమ్మానుయేలూ. లాటిన్‌లో ఆ ‘ఓ’ తర్వాత వచ్చే మాటల మొదటి అక్షరాలు చివరి నుంచి వెనక్కి కలుపుకుంటూ వస్తే ‘ఎరో క్రాస్’ అవుతుంది. రేపు ఉంటాను అని. ఏడో పల్లవి పాడే దాకా ఆ మాట పూర్తి కాదు.

మధ్యయుగాల్లో ఫ్రాన్స్‌లోని ఫ్లరీ వంటి మఠాల్లో ఈ పల్లవులను పంచుకునేవారు. వేరు గురించి వచ్చే పల్లవి తోటపని చూసే సన్యాసిది. తాళంచెవి పల్లవి, అంటే డిసెంబరు 20వ తేదీది, గిడ్డంగి చూసే సన్యాసిది. ఏడాది పొడవునా మనిషికింత రొట్టె, మనిషికింత ద్రాక్షరసం అని తూచి ఇచ్చేది ఆయనే, నడుముకు తాళాల గుత్తి వేలాడేదీ ఆయనకే. ఆ సాయంత్రం పల్లవి ఎత్తుకునేది కూడా ఆయనే. పాట అయిపోయాక సోదరులందరికీ తినడానికి ఏదో ఒకటి పెట్టాలి. తాళంచెవిని పిలిచి పాడినవాడు గిడ్డంగి తాళం తీయనంటే ఎవరు ఊరుకుంటారు?

సెలవు. నమస్కారం.