ఈ20కి రీమ్యాప్ కావాలా? మెతుకు పట్టి చూద్దాం

నమస్తే, హనుమకొండ నుంచి. "అన్నా, ఈ20 వచ్చాక మైలేజ్ పడిపోయింది, రీమ్యాప్ చేయించాలా?" రోజూ ఇదే ప్రశ్న. ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని ఇంధనం, స్పార్క్ లెక్కలు, అంటే మ్యాప్, మార్చడం. మొన్న ఒకాయన ఆ టెన్షన్‌తో పన్నెండు వేలు పెట్టి చేయించుకుని వచ్చాడు. బాధేసింది.

పాత బియ్యానికి ఎసరు ఎక్కువ పోస్తాం, కొత్త బియ్యానికి తగ్గిస్తాం కదా. ఇంజిన్‌లో బియ్యం అంటే ఇంధనం, ఎసరు అంటే గాలి. పెట్రోల్ పాత బియ్యం, కిలోకి 14.7 కిలోల గాలి తాగుతుంది. ఇథనాల్ కొత్త బియ్యం, తనలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి 9 కిలోలు చాలు. ఈ20కి లెక్క దాదాపు 13.5. ఇథనాల్‌ను నూకల నుంచి కూడా తీస్తారు, అందుకే నాకీ పోలిక ఇంత ఇష్టం.

గంజు అదే, ఎసరు అంతే. కాబట్టి బియ్యమే కాస్త ఎక్కువ పోయాలి. అమ్మ ఏం చేస్తుంది? మెతుకు పట్టి చూస్తుంది. మెత్తబడితే తర్వాతి పూట గుప్పెడు బియ్యం ఎక్కువ వేస్తుంది. సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్‌ది ఆ వేళ్ల పనే. ఆక్సిజన్ మిగిలిందని చెప్పగానే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌ను ఇంకాస్త సేపు తెరిచి ఉంచుతుంది. నాలుగు పూటలు వండాక అమ్మకు ఆ బస్తా కొలత గుర్తుండిపోతుంది. అదే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్.

[స్కానర్ తెర దగ్గరగా]

ఇది నా 2014 కారు. +6 కనిపిస్తోందా? ఆరు శాతం ఎక్కువ ఇంధనం తనంతట తానే పోసుకుంటోంది. +10 దాటి అక్కడే నిలిస్తే వాక్యూమ్ లీకు (దొంగదారిలో గాలి లోపలికి రావడం), ఫిల్టర్, పంపు చూపించండి. మ్యాప్ జోలికి పోకండి.

మైలేజ్ సంగతంటారా, లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. ఈ20లో సుమారు 7 శాతం తక్కువ. ఏ రీమ్యాప్ ఫైల్ ఎక్కించినా ఆ శక్తి ట్యాంకులోకి రాదు. ఇథనాల్‌కి ఆక్టేన్, అంటే స్పార్క్‌కి ముందే తనంతట తాను మండకుండా తట్టుకునే గుణం, ఎక్కువ కాబట్టి స్పార్క్ ముందుకు జరిపి కొంత రాబట్టవచ్చు. కానీ అది డైనో (బండి శక్తిని కొలిచే యంత్రం) మీద, నాకింగ్ (ఇంజిన్ టకటకా కొట్టుకోవడం) గమనిస్తూ, ఓపికగా చేసే పని.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్తాను. కార్బ్యురేటర్ బండిలో మెతుకు చూసే అమ్మ లేదు. ప్లగ్ తెల్లగా కాలుతుంటే ఇంధనం చాలడం లేదని, మెయిన్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) ఒక సైజు పెంచాలి. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో రబ్బరు ఈ20ని తట్టుకుంటుంది. అంతకుముందువైతే...

[పైపు ముక్క దగ్గరగా]

నా కారు నుంచి తీసిన ఫ్యూయల్ పైపు ఇది. వంచగానే సన్నని పగుళ్లు. రీమ్యాప్‌కి దాచిన డబ్బు ముందు దీనికి పెట్టండి. ఇథనాల్ తేమను పీలుస్తుంది, బండిని నెలలకొద్దీ నిలబెట్టకండి. మీ ట్రిమ్ ఎంత, బండి ఏ సంవత్సరం, రెండూ రాయండి, చూసి చెప్తాను.