ఖాల్సా తోప్‌ఖానా: మియాన్ ఘౌసా నుంచి జనరల్ ఇలాహీ బఖ్ష్ దాకా

[స్క్రీన్ మీద: పొగమంచు, ముళ్లపొదలు, దూరంగా జీలం నది]

1849 జనవరి 13, మధ్యాహ్నం దాటింది. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లో చిలియాన్‌వాలా అనే ఊరు. ముళ్లపొదల్లోంచి ఈస్టిండియా కంపెనీ సైన్యం ముందుకు వస్తోంది, ఎదురుగా ఎవరు ఎక్కడ ఉన్నారో వాళ్లకి సరిగ్గా కనబడట్లేదు. ఆ పొదలు దాటేలోపే ఫిరంగులు మొదలయ్యాయి. చీకటి పడేసరికి కంపెనీ వైపు చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి 2,300 పైమాటే. 24వ రెజిమెంట్ ఒక్కటే దాదాపు సగం మందిని పోగొట్టుకుంది. ఆ వార్త లండన్ చేరాక ఎంత గగ్గోలు పుట్టిందంటే, సేనాపతి గఫ్ స్థానంలో నేపియర్‌ని ఓడెక్కించి పంపారు.

ఆ ఫిరంగులు సిక్కులవి. వాటిని నడిపించిన అధికారి జనరల్ ఇలాహీ బఖ్ష్, ముస్లిం.

ఈ పేరు మొదటిసారి చదివినప్పుడు నేను వెనక్కి వెళ్లి ఆ పేజీ మళ్లీ చదివాను. మొఘలులు, అఫ్గాన్లు ఒక పక్క, సిక్కులు ఇంకో పక్క, మనకి ఎప్పుడూ అలాగే చెప్పారు కదా. మరి ఖాల్సా, అంటే సిక్కుల సైన్యంలో అన్నిటికంటే విలువైన ఆయుధం ముస్లిం చేతిలో ఎందుకుంది? ఇలాహీ బఖ్ష్ ఒక్కడే కాదు, మొదటి నుంచీ అంతే.

కాస్త వెనక్కి వెళ్దాం. 1799లో సిక్కు నాయకుడు రంజిత్ సింగ్ లాహోర్ పట్టుకున్నాడు. అప్పటి సిక్కు యోధుడికి గుర్రమే ప్రాణం. మెరుపులా వచ్చి కొట్టడం, అందకుండా పోవడం, మళ్లీ రావడం, అదీ వాళ్ల యుద్ధం. ఫిరంగితో అలా కుదరదు, ఎడ్లు లాగాలి, మందు కొలవాలి, గొట్టం తుడవాలి, గుండు దించాలి, గురి చూడాలి, గుంపుగా ఒకే లయలో పనిచేయాలి. గుర్రం దిగి నడిచే సైనికుడన్నా, ఎడ్లబండి వెనక నడిచే ఫిరంగివాడన్నా అప్పట్లో సిక్కు సర్దార్లకి చిన్నచూపే. పైగా ఆ విద్య మొఘలుల కాలం నుంచి ఎక్కువగా ముస్లిం గోలందాజుల చేతిలో ఉంది. గోలందాజ్ అంటే ఫిరంగి పేల్చేవాడు. రంజిత్ సింగ్ పని తెలిసినవాడి కోసం చూశాడు, దొరికినవాడు ఘౌస్ ఖాన్, అందరూ మియాన్ ఘౌసా అనేవారు. తొలి ఏళ్లలోనే తోప్‌ఖానా, అంటే ఫిరంగుల విభాగం మొత్తం ఆయనకి అప్పగించాడు.

హైదరాబాద్ వాళ్లకి ఈ సంగతి ఇంకాస్త దగ్గరగా తెలియాలి. ఆబిడ్స్ పక్కన గన్ ఫౌండ్రీ ఉంది చూడండి, తోప్ కా సాంచా అని కూడా అంటారు, అక్కడ నిజాం కోసం ఫిరంగులు పోయించింది రేమండ్ అనే ఫ్రెంచ్ మనిషి. ఆ కాలంలో ఏ రాజైనా అంతే, చేతనైనవాడికి పని ఇచ్చేవాడు.

మియాన్ ఘౌసా 1814లో చనిపోయాడు. ఆయన కొడుకు సుల్తాన్ మహమూద్ ఖాన్ కూడా తోప్‌ఖానాలోనే ఎదిగి జనరల్ అయ్యాడు. తండ్రి వృత్తి కొడుక్కి వచ్చినట్టే వచ్చింది.

ఇక్కడ ముల్తాన్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1818లో రంజిత్ సింగ్ సైన్యం ముల్తాన్ కోటని ముట్టడించింది. అంతకుముందు ఎన్నిసార్లు వచ్చినా ఆ గోడలు లొంగలేదు. ఈసారి లాహోర్ వైపు నుంచి జంజామా అనే పెద్ద ఫిరంగిని లాక్కొచ్చారు. అది అఫ్గాన్ రాజు అహ్మద్ షా దుర్రానీ కోసం పోసిన ఫిరంగి, చేతులు మారి మారి రంజిత్ సింగ్ దగ్గరికి వచ్చింది. లోపల నవాబు ముజఫర్ ఖాన్, ముస్లిం. బయట ఫిరంగుల దగ్గర చాలామంది ముస్లింలే. గోడ బద్దలైంది, నవాబు కొడుకులతో సహా కత్తి పట్టి పోరాడుతూ చనిపోయాడు. ఫిరంగి పక్కనున్న మనుషులు ఆ రోజు ఏమనుకున్నారో ఎవరూ రాసి పెట్టలేదు, నాకు మాత్రం ఆ ప్రశ్న వదలట్లేదు. తర్వాతా వాళ్లు తోప్‌ఖానాలోనే కొనసాగారు, అంతవరకు మనకి తెలుసు.

[స్క్రీన్ మీద: లాహోర్ మ్యూజియం ముందు జంజామా]

1822లో ఇద్దరు మాజీ నెపోలియన్ అధికారులు, వెంతూరా, అలార్, లాహోర్ వచ్చారు. యూరప్ పద్ధతిలో ఫౌజ్-ఎ-ఖాస్ అనే ప్రత్యేక దళాన్ని తయారుచేశారు. 1827లో కోర్ట్ అనే ఇంకో ఫ్రెంచ్ అధికారి వచ్చి ఫిరంగుల పోత, శిక్షణ రెండిటినీ మార్చేశాడు. ఆ ఫౌజ్-ఎ-ఖాస్ ఫిరంగుల బాధ్యత ఎవరిదంటే, మన ఇలాహీ బఖ్ష్‌దే. ఆ ఫిరంగి దళాన్ని ఆయన పేరుతోనే పిలిచేవారు. ఫ్రెంచ్ కవాతు, పంజాబీ మనుషులు, లాహోర్, అమృత్‌సర్ కార్ఖానాల్లో పోసిన ఇత్తడి గొట్టాలు, వాటి మీద పర్షియన్ అక్షరాలు.

1839లో రంజిత్ సింగ్ పోయాక దర్బారు ముక్కలైంది. ఒకరి తర్వాత ఒకరు హత్యలు. 1845 చివర్లో కంపెనీతో మొదటి యుద్ధం. ఫిరోజ్‌షా దగ్గర సిక్కు ఫిరంగులు కంపెనీ సైన్యాన్ని దాదాపు ఓటమి అంచు దాకా నెట్టాయి. కానీ పైనున్న లాల్ సింగ్, తేజ్ సింగ్ లోపాయికారీగా ఇంగ్లీషువాళ్లతోనే మాట్లాడుకుంటున్నారు, ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. 1846 ఫిబ్రవరి 10న సోబ్రావ్ దగ్గర అంతా కూలింది. తర్వాతి లాహోర్ ఒప్పందంలో ఒక షరతు చూడండి: కంపెనీ సైన్యం మీద ఎక్కుపెట్టి, చేజిక్కకుండా మిగిలిన 36 ఫిరంగులు కూడా అప్పగించాలి. లెక్కపెట్టి మరీ అడిగారు. ఎంత భయపెట్టాయో ఆ అంకెలోనే తెలుస్తుంది.

మూడేళ్లకి మళ్లీ యుద్ధం. సిక్కు సర్దార్ షేర్ సింగ్ అటారీవాలా కంపెనీ మీద తిరగబడ్డాడు, ఇలాహీ బఖ్ష్ ఆయన ఫిరంగులు చూసుకున్నాడు. చిలియాన్‌వాలా సంగతి మొదట్లో చెప్పాను. 5 వారాల తర్వాత, ఫిబ్రవరి 21న, గుజ్రాత్ అనే ఊరి దగ్గర (మన గుజరాత్ రాష్ట్రం కాదు, పంజాబ్‌లో ఊరు) గఫ్ ఈసారి సైనికుల్ని పొదల్లోకి తోయలేదు, 96 ఫిరంగులు ముందు పెట్టి గంటల తరబడి పేల్చాడు. సిక్కుల దగ్గర ఉన్నవి 60 దాకా, అవీ చిన్నవి. మార్చి నెలాఖరుకి పంజాబ్ కంపెనీ చేతికి వెళ్లింది.

[స్క్రీన్ మీద: లండన్, చెల్సీ రాతి స్తంభం]

లండన్‌లో చెల్సీ రాయల్ హాస్పిటల్ ఆవరణలో ఒక రాతి స్తంభం ఉంది. చిలియాన్‌వాలాలో చనిపోయిన 24వ రెజిమెంట్ మనుషుల పేర్లు దాని మీద చెక్కారు. వాళ్లలో చాలామంది తుపాకీ పేల్చకుండా, బయొనెట్లు పట్టుకుని నేరుగా ఫిరంగుల బారు మీదికి పరుగెత్తినవాళ్లు.