చంటిబిడ్డ పక్క ఎక్కడ వేయాలి?

శ్రోతలకు నమస్కారం.

కూతురు పురిటికి పుట్టింటికి వస్తోందంటే మన కడప జిల్లా ఇళ్ళల్లో నెల ముందునుంచే హడావుడి. బాలింతకని వెల్లుల్లి కారం, శొంఠి, నెయ్యి సిద్ధం చేస్తారు. పాత నూలు చీరలు చించి, ఉతికి, మడతపెట్టి ఉంచుతారు. ఊయల కొనాలా, దూలానికి చీర కట్టాలా అనే చర్చ కూడా ముందే అయిపోతుంది. కానీ ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డా ఇంటికొచ్చిన మొదటి రాత్రి బిడ్డను ఎక్కడ పండుకోబెట్టాలనేది మాత్రం అందరూ అలసిపోయి ఉన్న వేళ, అప్పటికప్పుడు, ఎవరి నోరు పెద్దదైతే వాళ్ళ మాట ప్రకారం తేలిపోతుంది. చాలా ఇళ్ళల్లో ఆ నోరు అవ్వది. అవ్వ చెప్పే దాంట్లో సగం మంచి మాటే ఉంటుంది. ఈరోజు నేను మిగతా సగం గురించి మాట్లాడతాను.

నేను పసిపిల్లల వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని. డిశ్చార్జి రోజున మందులు ఎప్పుడు వేయాలి, టీకాలు ఎప్పుడు వేయించాలి అని అందరూ అడుగుతారు. పక్క ఎక్కడ వేయాలని అడిగినవాళ్ళు అరుదు. అందుకే అడగకుండానే చెప్పడం అలవాటైపోయింది. ముందు అసలు మాట చెప్పేస్తాను. బిడ్డ తల్లి ఉన్న గదిలోనే ఉండాలి. తల్లి చేయి చాపితే అందేంత దగ్గర ఉండాలి. కానీ తన పక్క తనకు వేరుగా ఉండాలి. ఆ పక్క చదునుగా, గట్టిగా ఉండాలి. బిడ్డను దానిమీద వెల్లకిలా పండుకోబెట్టాలి, పగటి కునుకైనా రాత్రి నిద్రయినా.

ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ నిద్రలోనే ఉన్నట్టుండి ప్రాణం పోగొట్టుకోవడం అనేది ఒకటి ఉంది. ఎక్కువగా రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య జరుగుతుంది. ఆరు నెలలు దాటితే చాలా అరుదు. పాశ్చాత్య దేశాల్లో ఒకప్పుడు డాక్టర్లే పిల్లల్ని బోర్లా పండుకోబెట్టమని చెప్పేవాళ్ళు. తర్వాత తప్పు తెలుసుకుని బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో వెల్లకిలా పండుకోబెట్టండని ఊరూరా ప్రచారం చేశారు. పదేళ్ళు తిరిగేసరికి అక్కడ ఇలాంటి మరణాలు సుమారు సగానికి తగ్గాయి. ఇంత చిన్న మార్పుతో ఇంత ఫలితం వైద్యంలో తరచుగా కనిపించదు. బోర్లా పడుకున్న బిడ్డ ముక్కు పక్కలోకి కూరుకుపోతుంది. తను వదిలిన గాలినే తను మళ్ళీ పీలుస్తుంది. ఒంటి వేడి బయటికి పోదు. ఊపిరి ఆడకపోతే ఉలిక్కిపడి లేవడం పెద్దవాళ్ళకు సహజం, బోర్లా గాఢంగా నిద్రపోయే పసిబిడ్డకు ఆ మెలకువ సరిగా రాదు.

ఇక్కడ అవ్వలు ఒక ప్రశ్న వేస్తారు. వార్డులో ఒక పెద్దామె నన్ను నిలదీసింది. "ఏమ్మా సిస్టరూ, వెల్లకిలా పండుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడవా?" మంచి ప్రశ్నే. ఆమె చేతి మీదే చూపించాను. మన గొంతులో గాలి గొట్టం ముందువైపు, అన్నం గొట్టం వెనకవైపు ఉంటాయి. వెల్లకిలా పడుకుంటే గాలి గొట్టం పైన, అన్నం గొట్టం కింద అవుతుంది. కక్కిన పాలు పల్లానికే పోతాయి, పైనున్న గాలి గొట్టంలోకి ఎక్కవు. బోర్లా పడుకుంటే ఇది తిరగబడుతుంది. పాలు తాగాక బిడ్డను కాసేపు భుజాన వేసుకుని తేన్పు వచ్చాక పండుకోబెడితే చాలు. ఒక పక్కకు ఒత్తిగిల్లి పండుకోబెట్టడం కూడా వద్దు. అది బోర్లా పడటానికి సగం దారి. ఆ పెద్దామె నా మాట నమ్మిందో లేదో గానీ, పోయేటప్పుడు బిడ్డను వెల్లకిలానే ఎత్తుకుపోయింది.

ఇక మన ఇళ్ళల్లోకి వద్దాం. పల్లెల్లో ఇంకా నులక మంచాలున్నాయి. పెద్దవాళ్ళ నడుముకు అవి హాయి. చంటిబిడ్డకు మాత్రం నా లెక్కలో అంతకంటే చెడ్డ చోటు లేదు. నులక వదులయ్యే కొద్దీ మంచం నడుమ గుంట పడుతుంది. తల్లి ఒక పక్క పడుకుంటే బరువుకు మంచం ఆ వైపుకు వాలుతుంది, బిడ్డ దొర్లుకుంటూ తల్లి వీపు కిందికి చేరుతుంది. నమ్మకపోతే ఒక నిమ్మకాయ తీసుకుని మంచం మీద పెట్టి, పక్కన మీరు పడుకుని చూడండి. అది కదిలి మీ దగ్గరికి వస్తే బిడ్డ కూడా వస్తుంది. నవారు మంచానికీ ఇదే పరీక్ష. దాన్ని బిగించి లాగి కట్టినా నెలకే మళ్ళీ సాగుతుంది. టౌన్లలో దివాన్ కాట్లు, స్పాంజి పరుపులు. వాటిమీద అరచేత్తో గట్టిగా అదిమి చేయి తీయండి. అచ్చు అట్లే నిలిచిపోతే ఆ పరుపు బిడ్డకు పనికిరాదు. మంచానికీ గోడకూ మధ్య సందు ఉంటే ఇంకా ప్రమాదం. బిడ్డ దాంట్లోకి జారి ఇరుక్కుంటుంది. అడ్డంగా దిండ్లు పెట్టినాం కదా అంటారు. ఆ దిండ్లే ముక్కుకు ఆనుకుంటాయి.

ఊయల సంగతి చెబితే చాలామందికి కోపం వస్తుంది. తొట్టిలో వేసే పండగ లేని ఇల్లు మనకు లేదు, ఆ పండగను వద్దనడానికి నేనెవరిని? కానీ పండగ వేరు, రాత్రంతా నిద్ర వేరు. దూలానికి కట్టిన చీర ఊయలలో బిడ్డ చదునుగా పడుకోదు. వీపు వంగుతుంది, గడ్డం గుండెకు ఆనుతుంది. నెలల బిడ్డ మెడ ఇంకా నిలవదు కాబట్టి ఊపిరి దారి ఆ మడతలోనే నలుగుతుంది. రెండు వైపులా చీర ముఖం మీదికి మూసుకుంటుంది, బయటినుంచి చూస్తే బిడ్డ ముఖం కనపడదు. ఏడుపు ఆపడానికి కాసేపు ఊపండి, ఎదురుగా కూర్చుని. నిద్రపోగానే తీసి పక్కమీద వేయండి. కడప, ప్రొద్దుటూరు బజార్లలో అమ్మే స్ప్రింగు ఊయలలకు కూడా ఇదే వర్తిస్తుంది. అడుగు చదునుగా, గట్టిగా, చుట్టూ కమ్మీలు దగ్గర దగ్గరగా ఉన్న చెక్క ఊయల అయితే, ఊగకుండా ఆపి రాత్రి నిద్రకూ వాడొచ్చు.

మరి ఎక్కడ అంటే, నా ఓటు నేలమీది బొంతకు. మన ఇళ్ళల్లో పరిచిన నాపరాయి బండలంత చదును ఏ కంపెనీ మంచానికీ రాదు. చాప పరిచి, దానిమీద పాత చీరలతో కుట్టిన బొంత రెండు మడతలుగా వేసి, పైన ఒక నూలు గుడ్డ బిగుతుగా కప్పి, దాని కొసలు బొంత కిందికి దోపితే బిడ్డకు పక్క తయారు. తల్లి పక్క దాని పక్కనే, వేరే చాప మీద. పైసా ఖర్చు లేదు, కిందపడే భయం లేదు. అయితే నేలకు నేల ఇబ్బందులున్నాయి. ఎండాకాలం తేళ్ళు, జెర్రులు, ఏ కాలమైనా చీమలు, పాల వాసనకు వచ్చే ఎలుకలు. కాబట్టి పక్క గోడకు దూరంగా, గది నడుమ వేయండి. దోమతెర అంచులు నాలుగు వైపులా బొంత కిందికి చెక్కండి. తెర గుడ్డ బిడ్డ ముఖానికి తగలనంత ఎత్తుగా ఉండాలి. దోమల చుట్టల పొగ, సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు.

ఆపరేషన్ అయిన బాలింత నేలమీద నుంచి లేవలేదు. కుట్లు లాగుతాయి. అలాంటప్పుడు తల్లి మంచం మీదే ఉండి, మంచం పక్కన అదే ఎత్తులో బిడ్డకు చెక్క ఊయలో చిన్న మంచమో వేయండి. అదీ కుదరకపోతే అవ్వనే బిడ్డ పక్కన నేలమీద పడుకోమనండి. ఆకలేసినప్పుడు బిడ్డను తల్లికి అందించడం, తాగాక మళ్ళీ తీసుకుని పక్కలో వేయడం ఆమె పని. పెద్ద నోటికి పెద్ద బాధ్యత ఇస్తే గొడవలు కూడా తగ్గుతాయి.

పక్కలో ఏమేమి ఉండకూడదో చెప్పాలంటే, దాదాపు ఏవీ ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. ఏ దిండూ వద్దు. తల ఒకవైపు చదునవుతుందని భయమైతే, ఒక రాత్రి తల కుడివైపుకు, మరో రాత్రి ఎడమవైపుకు తిప్పి పండుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళముందే కాసేపు బోర్లా ఆడించండి. షాపులో జిప్పు దోమతెరతో వచ్చే చిన్న పరుపుల్లో పక్క దిండ్లు కూడా ఇస్తారు. పరుపు గట్టిగా ఉంటే వాడండి, దిండ్లు తీసి అటక మీద పెట్టేయండి. మెడలో దిష్టి తాడు రాత్రిపూట తీసేయాలి, చిక్కుకుంటే ఉరే. ఇనుప ముక్క పెట్టాలంటారా, బిడ్డ పక్కలో కాదు, గడప దగ్గర పెట్టుకోండి. దిష్టి వచ్చేది ఆ దారినే కదా.

ఇంకొకటి, మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో మన సీమలో 40 డిగ్రీలు దాటడం మామూలే. స్లాబు ఇల్లయితే పగలు తాగిన ఎండను అర్ధరాత్రి దాకా వదులుతుంది. పాత మట్టి మిద్దె ఉంటే బిడ్డకు అదే మేలు. అలాంటి ఉక్కలో కూడా బిడ్డకు టోపీ, సాక్సు, పైన ఉన్ని శాలువా! చల్లగాలి తగులుతుందని. మొదటి రోజుల్లో, బరువు తక్కువ పిల్లలకు తల కప్పడం అవసరమే, కాదనను. కానీ ఎండాకాలంలో నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఒక పలుచని నూలు చొక్కా చాలు. అరిచేతులు, కాళ్ళు పట్టుకుని చల్లగా ఉందనుకోవద్దు, పిల్లలకు అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే ఒక గుడ్డ తీసేయండి. ఫ్యాన్ వేయొచ్చు. కూలర్ ఉంటే గాలి నేరుగా బిడ్డ మీదికి కొట్టకుండా తిప్పి, కిటికీ తెరిచి పెట్టండి. మిద్దె పైన పడుకునే అలవాటు ఉన్న ఇళ్ళల్లో బిడ్డనూ పైకి తీసుకుపోతారు. గాలి బాగుంటుంది గానీ, పిట్టగోడ ఎత్తు లేని చోట, చీకట్లో, నిద్రమత్తులో మెట్లు దిగుతూ ఎక్కుతూ బిడ్డను మోయడం నాకు నచ్చదు. చలికాలం కష్టం వేరే. బాలింత గది తలుపులు, కిటికీలు బిగించి లోపల నిప్పుల కుంపటి పెడతారు. ఆ బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే తల్లినీ బిడ్డనూ తీసుకుపోతుంది. కుంపటి గది బయటే ఉండాలి.

తల్లి పక్కలోనే పండుకోబెట్టుకోకూడదా అని మీరు లోపల అనుకుంటున్నారని తెలుసు. మన అమ్మలందరూ అట్లే పెంచినారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో ఇచ్చిన సలహా ఏమిటంటే, కనీసం ఆరు నెలలు ఒకే గది, కానీ వేరే పక్క. అయినా అర్ధరాత్రి పాలిస్తూ తల్లి కునుకు తీయడం జరగకుండా ఉండదు. అది ఏ చోట జరుగుతుందో ముందే చూసుకోవాలి. నేలమీది గట్టి పక్కలో జరిగితే ప్రమాదం తక్కువ, సోఫాలో జరిగితే చాలా ఎక్కువ. బిడ్డను గుండెమీద వేసుకుని సోఫాలో టీవీ చూస్తూ నిద్రపోయే నాన్నలకు కూడా ఈ మాట. మెలకువ రాగానే బిడ్డను తన పక్కకు మార్చండి. కొన్ని ఇళ్ళల్లో మాత్రం ఒకే పక్క అసలు కుదరదు. బిడ్డ 37 వారాలు నిండకముందే పుట్టినా, బరువు 2.5 కిలోల కన్నా తక్కువ ఉన్నా, పక్కలో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగేవాళ్ళయినా, మందు తాగినా, మత్తు వచ్చే మాత్రలు వేసుకున్నా వద్దు. బీడీ బయటే తాగి వచ్చినాను అంటే లెక్కలోకి రాదు.

తక్కువ బరువు పిల్లల గురించి ఒక్క ముక్క. వాళ్ళను తల్లి గుండెకు ఆనించి గుడ్డతో కట్టే పద్ధతి, అదే కంగారూ పద్ధతి, కొలంబియాలోని బొగోటా నగరంలో 1978లో మొదలైంది. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెట్టమంటోంది, రోజుకు 8 గంటలు తగ్గకుండా. ఇది పక్కలో పండుకోబెట్టుకోవడం కాదు. తల్లి వెనక్కి వాలి కూర్చోవాలి, బిడ్డ నిటారుగా ఉండాలి, తల పక్కకు తిరిగి ముక్కు కనిపిస్తూ ఉండాలి. ఎలా కట్టాలో ఆసుపత్రిలో నేర్చుకునే ఇంటికి రండి. ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడటానికి వస్తుంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డను మాత్రమే కాదు, బిడ్డ పక్కను కూడా చూపించండి.

చివరగా, ఎవరూ పట్టించుకోని సంగతి. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డా అత్తగారింటికి పోతారు. బిడ్డకు ప్రమాదం ఎక్కువున్న నెలల్లోనే ఇల్లు మారుతుంది. పుట్టింట్లో అవ్వకు నచ్చజెప్పి కుదుర్చుకున్న పద్ధతి అక్కడ జేజి దగ్గర మళ్ళీ మొదటికి వస్తుంది. మనవడు నా మంచం మీదే పడుకోవాలని ఆమెకూ ముచ్చట ఉంటుంది. ప్రయాణానికి ముందే ఫోన్ చేసి, బొంత ఏ గదిలో వేస్తారో, దోమతెర ఉందో లేదో అడగండి. పుట్టింటి బొంతనే వెంట తీసుకుపోతే ఇంకా మంచిది. అప్పటికి బిడ్డ ఒత్తిగిలడం మొదలుపెడుతుంది. ఆ వేళకు చేతులు కాళ్ళు కట్టేసినట్టు గుడ్డ చుట్టడం మానేయాలి. తనంతట తాను అటూ ఇటూ తిరగడం వచ్చాక మాత్రం రాత్రంతా కాపలా కాసి వెల్లకిలా తిప్పనక్కర్లేదు, పండుకోబెట్టేటప్పుడు వెల్లకిలా వేస్తే చాలు. బోర్లా పడిందని బొబ్బట్లు, అంటే మన ఓళిగలు, పంచుతారు కదా. చీర ఊయలలో బోర్లా పడిన బిడ్డ అంచు పట్టుకుని పైకి లేస్తుంది, తలకిందులవుతుంది. ఓళిగలు పంచిన రోజే ఆ చీర విప్పేయండి.

నమస్కారం.